ఓటు మేయర్‌కు, పెత్తనం కమిషనర్‌కు

మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటే నగరాలు బాగుపడతాయన్న వాదన ప్రతి వానాకాలం, కాలనీలు మునగ్గానే తలెత్తుతుంది. ఆ వెంటే ఆ పద్ధతి ఉన్న లండన్ పేరు వినిపిస్తుంది. ఎన్నిక పద్ధతి మార్చితే చాలనడం ప్రజలను పక్కదోవ పట్టించడమే.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మేయర్ ఎన్నిక పద్ధతిని రాష్ట్రాలకే వదిలేసింది. పన్నెండో షెడ్యూల్‌లోని 18 బాధ్యతల్లో నగరాలకు ఏవి ఇవ్వాలన్నదీ రాష్ట్రాల ఇష్టమే. ఇంకేం, ఎవరికి అనువైనప్పుడు వారు చట్టం తిరగరాశారు. 1996లో డీఎంకే నేత స్టాలిన్ చెన్నై మేయర్‌గా ఓటర్ల చేత నేరుగా ఎన్నికయ్యారు. 2006లో ఆ ఎన్నిక కౌన్సిలర్ల చేతికి పోయింది, 2011లో ఓటర్లకు తిరిగొచ్చింది, 2022లో మళ్లీ కౌన్సిలర్లకే. సిమ్లాలో 2012లో మేయర్, డిప్యూటీ మేయర్ పదవులు రెండూ సీపీఎం నేరుగా గెలిచింది. 25 వార్డుల్లో ఆ పార్టీకి దక్కినవి మూడే. కౌన్సిల్ తన చేతిలో లేని మేయర్ ఏ తీర్మానం నెగ్గించుకోవాలన్నా ఎదుటి పక్షాల దయ మీదే ఆధారపడాలి. ఆ తర్వాత అక్కడ ప్రత్యక్ష ఎన్నికనే ఎత్తేశారు.

హైదరాబాద్ రెండు పద్ధతులూ చూసింది. 2002లో తీగల కృష్ణారెడ్డి నేరుగా ఓటర్ల చేత మేయరయ్యారు. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడ్డాక 2009 నుంచి ఆ ఎన్నిక కౌన్సిల్ సమావేశానికి మారింది. అందులోనూ కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఓట్లేస్తారు. నగరం వార్డువారీగా ఇచ్చిన తీర్పును పైవాళ్లు తారుమారు చేయగల ఈ ఏర్పాటు సిగ్గుచేటు. ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరనిది కమిషనర్ కుర్చీ. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వహణ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం నియమించే ఆ అధికారికే కట్టబెట్టింది. ఒక వీధిని చూస్తే చాలు: కొత్తగా వేసిన రోడ్డును డ్రైనేజీ పైపు కోసం తవ్వేది నీరు, మురుగు చూసే జలమండలి, గుంత పూడ్చాల్సింది ఎవరన్న పేచీ నెలల తరబడి. ఆ జలమండలికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకూ ఆయనే. తిట్లు మాత్రం ఇంటింటికీ తిరిగి ఓటడిగిన కార్పొరేటర్‌కు.

మేయర్‌ను నేరుగా ఎన్నుకుంటే కార్పొరేటర్ల క్యాంపులు, బేరాలు ఆగుతాయంటారు. మేయర్ ఎన్నిక రోజున ఆగవచ్చు, బడ్జెట్ ఆమోదం నాటికి మళ్లీ మొదలవుతాయి. లండన్ మాటెత్తేవారు ఒక్క సంగతి దాటవేస్తారు. 2000లో అక్కడ మేయర్ పదవితో పాటే నగర రవాణా సంస్థనూ ఆ మేయర్ కింద పెట్టారు.

ముందు కమిషనర్ మేయర్‌కు జవాబుదారీ కావాలి. నీరు, మురుగు, రోడ్లు ఎన్నికైన కౌన్సిల్ కిందికి రావాలి. ఎక్స్ అఫీషియో ఓటు రద్దు కావాలి. మేయర్‌ను ఎవరు ఎన్నుకోవాలన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.