వంతెన ఎవరికి మూసి ఉంది?

పోయిన భాగంలో జాంబపురాణం గురించి రాస్తే మా కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆపి అడిగారు. "పురాణం మంచిగనే ఉంది మేడం, మేం రోజూ ఆడే గేముల మీద ఎప్పుడు రాస్తరు?" నవ్వులాటకే అడిగారేమో. కానీ నేను రెండు వారాలు దాని మీదే ఆలోచించాను. తెలుగులో పిహెచ్‌డీ చేసినామెకు గేములేం తెలుసనుకునే వాళ్లకు ఒక మాట. కథ మీద నాకు మొదటి సందేహం పుట్టింది కరీంనగర్‌లో ఒక నెట్ సెంటర్లోనే.

2005 ప్రాంతం. గంటకు 15 రూపాయలు. మా ఇద్దరి దగ్గర కలిపి ఒక్కరికి సరిపోయే పైసలే ఉండేవి. తమ్ముడు 'జీటీఏ వైస్ సిటీ' ఆడేవాడు, నేను పక్క స్టూలు మీద కూర్చొని చూసేదాన్ని. వాడు గంటసేపట్లో ఒక్క మిషన్ కూడా చేసేవాడు కాదు. బండెక్కి సముద్రం ఒడ్డున తిరుగుడే తిరుగుడు. "కథ ముందుకు పోనియ్ రా" అంటే, "మిషన్ చేస్తే అయిపోతదక్కా, తిరిగితే అయిపోదు" అన్నాడు. ఒకరోజు వంతెన దాటి అవతలి దీవికి పోబోయాడు. వంతెన మూసి ఉంది. తుఫాను హెచ్చరిక అట. కొంత కథ నడిపితే గానీ తెరుచుకోదట. వాడు తిట్టుకుంటూ మిషన్ మొదలుపెట్టాడు.

ఓపెన్ వరల్డ్ గేముల మీద ప్రపంచమంతా నడిచే చర్చ ఆ వంతెన దగ్గరే మొదలవుతుంది. ఆడేవాళ్లను ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే కథ పలచబడుతుంది. కథను బిగిస్తే తిరిగే స్వేచ్ఛ పోతుంది. 2004లో వచ్చిన 'శాన్ ఆండ్రియాస్'లో కథ ఇంకా తెరవని ప్రాంతంలోకి అడుగుపెడితే నాలుగు నక్షత్రాల పోలీసులు వెంటపడతారు. 2015లో వచ్చిన 'విచర్ 3'లో గెరాల్ట్ సొంత బిడ్డలా పెంచిన సిరి ప్రాణాపాయంలో ఉంటుంది, వెంటనే వెతకాలి. ఆడేవాళ్లేమో సత్రాల్లో కూర్చొని గ్వెంట్ అనే పేకాటతో రోజులు గడుపుతారు. ప్రపంచం కూడా ఓపికగా ఎదురుచూస్తుంది. 2017 నాటి 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' ఇంకో తొవ్వ పట్టింది. మొదటి పీఠభూమి దిగగానే నేరుగా ఆఖరి శత్రువు కోటకే పోవచ్చు. పాత కథ జ్ఞాపకాల ముక్కలుగా నేలంతా చెల్లాచెదురై ఉంటుంది, ఏది ముందు దొరికితే అది చూడవచ్చు.

ఇవన్నీ తెలివైన పద్ధతులే. నా పేచీ వేరే దగ్గర ఉంది. స్వేచ్ఛ ఎంత, కథ ఎంత అని తూకం వేసేవాళ్లు చాలామంది ఒక సంగతిని అడగకుండానే ఒప్పేసుకుంటారు. ఆడేవాడు ఎక్కడికైనా నడవగలడు, దారిలో ఎవరూ ఆపి "ఎవల బిడ్డవు?" అని అడగరు. ఆ ప్రశ్న వెనక ఏముంటదో మన ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మా అమ్మమ్మ ఊరు పెద్దపల్లి దిక్కు. వాడ నుంచి బస్సు రోడ్డుకు సీదా తొవ్వ ఊరి నడుమ నుంచే ఉంది. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ చెరువు కట్ట మీదుగా చుట్టు తిప్పి తీసుకుపోయేది. ఎందుకని అడిగితే "గటు నీడ ఉంటది బిడ్డా" అనేది. కట్ట మీద ఒక్క చెట్టు లేదు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది. వైస్ సిటీలో తుఫాను హెచ్చరిక ఎట్లాంటిదో అమ్మమ్మ చెప్పిన నీడ అట్లాంటిది. మూసిన వంతెనను పిల్లల కండ్ల నుంచి దాచడానికి చెప్పిన కథ. ఒక్క తేడా ఉంది. ఆటలో కథ నడిపితే వంతెన తెరుచుకుంటుంది. అమ్మమ్మ బతుకంతా నడిపినా ఆమెకు ఆ తొవ్వ తెరుచుకోలేదు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిన 1901 నాటి ప్రయాణం మీలో చాలామంది చదివే ఉంటారు. తండ్రి దగ్గరికి గోరేగావ్ పోదామని పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు, చేతిలో డబ్బులు. స్టేషన్ మాస్టర్ ఎవరు మీరని అడిగాడు. మహార్లమని చెప్పగానే మొఖం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇచ్చినా బండివాడు తోలనన్నాడు. పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. వెంట తిండి ఉంది, తాగడానికి నీళ్లు దొరకవు. రాత్రంతా దాహం. గేమ్ డిజైన్ చదివే పిల్లలు ఈ ప్రయాణాన్ని ఒకసారి ఆటగా ఊహించండి. ప్రత్యేకంగా విలన్ లేడు, కథ చెప్పడానికి ఆట ఆపే సీను లేదు. ప్రపంచానికున్న నియమాలే కథ చెప్తున్నాయి. నీళ్లు ఉన్నాయి, నీకు లేవు. బండి ఉంది, తోలేవాడు లేడు. స్వేచ్ఛ ఒక పక్క, కథ ఒక పక్క ఉండే సంగతే కాదిది. ఎవరిని ఎక్కడ ఆపుతారన్నదే కథ. అందుకే ఎవరినీ ఎక్కడా ఆపని ఆట కథ లేని ఆట అనుకోవద్దు. అది ఎన్నడూ ఆపబడని వాడి కథ.

ఈ సంగతి పట్టుకున్న గేములు కొన్ని ఉన్నాయి. 2016లో వచ్చిన 'మాఫియా 3'లో హీరో లింకన్ క్లే నల్లజాతి యువకుడు, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. 1968 నాటి అమెరికా దక్షిణ ప్రాంతంలో కల్పిత నగరం. అతను ఏ వీధికైనా పోవచ్చు. కానీ కొన్ని దుకాణాల్లో అడుగుపెడితే యజమాని బయటికి పొమ్మంటాడు, కదలకపోతే పోలీసులను పిలుస్తాడు. తెల్లవాళ్ల సంపన్న వాడల్లో పోలీసులు వెంటనే దిగుతారు, నల్లవాళ్ల పేద వాడల్లో తీరుబడిగా వస్తారు. ఎక్కడా ఉపన్యాసం లేకుండానే ఆడేవాళ్ల చేతివేళ్లకు జాత్యహంకారం తెలిసిపోతుంది. మిషన్లు ఒకే తీరుగా ఉన్నాయని ఆ ఆటను తిట్టారు, అది నిజమే. అయినా ఈ ఒక్క పని అది సరిగ్గా చేసింది.

దారి తప్పినవీ ఉన్నాయి. 2013 నాటి 'ఫ్రీడమ్ క్రై'లో ఒకప్పటి బానిస అదెవాలే కరీబియన్ తోటల్లో బానిసలను విడిపిస్తాడు. చాలా గొప్ప సంగతి. కానీ విడిపించిన వాళ్ల లెక్క పెరిగినకొద్దీ హీరోకు కొత్త ఆయుధాలు, సదుపాయాలు వస్తుంటాయి. మనుషులు అంకెలైపోయారు. రేపు ఎవరైనా మన మీద గేమ్ చేసి, ఇంతమంది దళితులను కాపాడితే ఇంత బహుమానం అంటే మనకెట్లా ఉంటది?

మరి మనం చేస్తే ఎట్లా చేయాలి? నా చూపు మళ్లీ జాంబపురాణం దిక్కే పోతుంది. చిందు కళాకారులు ఆడేటప్పుడు బ్రాహ్మణుడు అడుగుతాడు, జాంబవుడు జవాబు చెప్తాడు. వాదం ఎటు పోతుందో, ఎవరు గెలుస్తారో వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. కట్టుబాటు కథకు ఉంది, స్వేచ్ఛ చెప్పే తీరులో ఉంది. ఆ రాత్రి ఎదురుగా ఎవరు కూర్చున్నారు, ఏ మాటకు నవ్వారు, ఊళ్లో ఏం గొడవ నడుస్తున్నదన్న దాన్ని బట్టి ఆట సాగుతుంది, కుంచించుకుపోతుంది, మలుపు తీసుకుంటుంది. ముగింపు ముందే తెలిసినంత మాత్రాన స్వేచ్ఛ చచ్చిపోదని మనవాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఆదిలాబాద్ దిక్కు చూడండి. నాగోబా జాతర ముందు మెస్రం వంశీయులు గోదావరిలో హస్తినమడుగు దాకా కాలినడకన పోయి జలం తెచ్చి, పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్‌లో పూజ చేస్తారు. రోజుల తరబడి నడక. ఆ తొవ్వ వాళ్లు ఇష్టమొచ్చినట్టు మార్చుకునేది కాదు. అయినా సంకెల అనిపించదు. ఎందుకంటే ఆ తొవ్వ కథ వాళ్లదే, వాళ్ల వంశానిదే. కథ స్వేచ్ఛను ఎప్పుడు చంపుతుందంటే, నా నడకకు ఇంకెవడో కథ రాసినప్పుడు.

అదే ఇంద్రవెల్లికి 1981 ఏప్రిల్ 20న గోండులు సభకు నడిచొస్తే కాల్పులు జరిగాయి. తర్వాత ఎన్నో ఏండ్లు ఆ రోజున స్తూపం దగ్గరికి పోవడానికి కూడా ఆంక్షలే. కరీంనగర్ జిల్లాలో 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు కూలీలు, రైతులు ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చారు. గడి ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనుషుల నడక అది. నెల తిరిగిందో లేదో జగిత్యాల, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. 'శాన్ ఆండ్రియాస్'లో నాలుగు నక్షత్రాలు చూసి గాబరా పడే తమ్ముళ్లూ, మన జిల్లాల మ్యాపు మీద అవి ఎప్పటి నుంచో ఉన్నాయి.

మీ ముందు పెట్టాలనుకున్న తగువు ఇప్పుడు చెప్తాను. నాకు తెలిసిన ఇద్దరు విద్యార్థులు తమ వాడ మీద చిన్న గేమ్ చేద్దామని కూర్చున్నారు. ఉట్నూరు దిక్కు అమ్మాయి అన్నది: "ఉన్నది ఉన్నట్టు పెడదాం. బావి, గుడి, హోటల్ గ్లాసు, ఎక్కడ ఆపుతరో అక్కడ ఆపాలె." మంచిర్యాల దిక్కు పిల్లవాడు ఒప్పుకోలేదు. "బయట ఎట్లాగూ ఆపుతరు మేడం. ఆటల గూడ ఆపుడెందుకు? మా వాడ పిల్లగాడు ఊరి నడుమ నుంచి బండి మీద దర్జాగ పోవాలె. గంతే."

ఆ రోజు వానికి జవాబు చెప్పలేకపోయాను. సాహిత్యంలో కూడా మనం ఎన్నోసార్లు విన్న బాధ అది. మన అవమానాలనే మళ్లీ మళ్లీ రాసి ఎవరికి చూపిస్తున్నాం? అగ్రకులపు పిల్లలు మన దాహాన్ని అరగంట రుచి చూసి, ఫోన్ పక్కన పెట్టి, చల్లటి నీళ్లు తాగి పడుకోవడానికా? వాని మాటలో న్యాయం ఉంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. వంతెనను మూసే పెట్టాలి. అయితే తుఫాను అని అబద్ధం చెప్పొద్దు, ఎవరు మూశారో చూపించాలి. దాన్ని తెరిచే చేయి ఆడేవాళ్లదే కావాలి, అదీ ఒక్క చేయి కాకూడదు. ఓపెన్ వరల్డ్ గేములు దాదాపు అన్నీ ఒక్క వీరుడి చుట్టూ తిరుగుతాయి. మన చరిత్ర అట్లా నడవలేదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దాకా బాబాసాహెబ్ ఒక్కడే పోలేదు, వేలమంది వెంట నడిచారు. ఒక్కడివే పోతే ఆపేసే తొవ్వ, పదిమందిని కూడగట్టుకొని పోతే తెరుచుకునే ఆట చేయండి. ఎవరిని కలుపుకోవాలి, ఏ తొవ్వన పోవాలి, ఎప్పుడు పోవాలి అన్నది ఆడేవాళ్ల ఇష్టానికి వదిలేయండి. స్వేచ్ఛ అక్కడుంది. ఆ తర్వాత ఊరు ఊరుకోదు. కూలి బందు, కిరాణం బందు, బహిష్కరణ. మహద్‌లో నీళ్లు తాగినవాళ్ల మీద దాడి చేశారు, చెరువును శుద్ధి చేశారు. జీటీఏలో కాసేపు దాక్కుంటే పోలీసులు మరిచిపోతారు. మన ఊళ్లు మరిచిపోవు. నువ్వు చేసినదాన్ని ఊరు గుర్తుపెట్టుకున్నంత సేపూ కథ నడుస్తూనే ఉంటది.

ఇంకో సంగతి దాచొద్దు. మ్యాపు గీసేటప్పుడు మన వాడను ఒక్క రంగుతో నింపేయకండి. జాంబపురాణాన్ని పటం మీద చూపించి, కిన్నెర మీటి చెప్పే డక్కలి వాళ్లను మన మాదిగ వాడే బయట ఉంచింది. మన కథ మోసినవాళ్లకు మనం మూసిన వంతెన అది. దాన్ని కూడా గీస్తేనే మిగతా మ్యాపును ఎవరైనా నమ్ముతారు.

మంచిర్యాల తమ్మునికి నా జవాబు ఇది. నీ దర్జా నడక తీసేయొద్దు, దాన్ని ఆఖరుకు పెట్టు. తొవ్వ తెరిపించినంక ఒక్క మిషన్ కూడా లేని ఊరు ఇయ్యి. అప్పుడు బండి తీసుకొని ఎంతసేపైనా తిరగనియ్యి, ఎవరూ ఏమీ అడగకుండా. మా తమ్ముడు 15 రూపాయలిచ్చి వెతుక్కున్నది దాన్నే. అది మొదట్లోనే ఉచితంగా దొరికితే ఉత్త షికారు. కొట్లాడి తెరిపించినంక దొరికితే దాని విలువ తెలుస్తది.

గొడాట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. పెద్ద కంపెనీలు మన ఊరి మ్యాపు గీస్తాయని ఎదురుచూడకండి. ఈ ఆదివారం ఇంట్లో పెద్దమనుషులను ఒక్క మాట అడగండి: చిన్నప్పుడు ఏ తొవ్వన నడవకపోయేది, ఎందుకని చెప్పేవాళ్లు? వాళ్లు చెప్పే సాకులన్నీ రాసుకోండి. నా తరఫున మొదటిది ఇస్తున్నాను: చెట్టు లేని కట్ట మీది నీడ.

జై భీమ్.