టీకాయు నరముల భయమును

ఫ్లూ జ్వరమునకు వేయు టీకావలన కాలుసేతులు పడిపోవునట యను మాట విన్నవారికి భయము కలుగుట సహజము. ఇంట వృద్ధులు, గర్భిణులు గలవారికి ఇది ఊరక విడువదగిన ప్రశ్న కాదు. ఏలయన ఈ టీకా మన దేశమున పసిబిడ్డలకు ఉచితముగ వేయు సార్వత్రిక టీకాలలో చేరలేదు. సామాన్యముగ, కావలెనన్నవారు వెలయిచ్చి వేయించుకొనవలసినదే. నిర్ణయభారము కుటుంబముపైననే యున్నది. ఆ మాటను వట్టి పుకారని త్రోసివేయు విద్యావంతులతో నేను ఏకీభవింపజాలను. దానికొక చరిత్ర కలదు.

1976వ సంవత్సరారంభమున అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనికశిబిరమున పందుల ఫ్లూ జ్వరము పొడచూపి యొక సైనికుడు మరణించెను. 1918లో మన దేశముననే కోటిమందికి పైగా పొట్టనబెట్టుకొన్న మహాజ్వరము మరల వచ్చునని పాలకులు వెఱచిరి. అక్టోబరు మొదలుకొని డిసెంబరు నడుమవఱకు నాలుగుకోట్లకు మించిన జనులకు టీకాలు వేసిరి. భయపడిన జ్వరము రాలేదు. కాని టీకా పొందినవారిలో సుమారు లక్షకొక్కరి చొప్పున గిలాన్ బారే వ్యాధి అధికముగ కనబడెను. టీకాలు నిలిపివేసిరి.

పత్రికలవారు జీబీఎస్ అని వ్రాయు ఈ వ్యాధిని 1916లో ఫ్రెంచి వైద్యులు వర్ణించిరి. రోగక్రిములతో పోరాడవలసిన దేహరక్షణశక్తియే దారితప్పి, నరములపై పొరను శత్రువని భ్రమించి చెఱచును. పాదములలో తిమ్మిరి, నీరసము మొదలై పైకి ప్రాకును. ఊపిరితీయు కండరములకు సోకెనా, శ్వాసయంత్రము లేనిదే ప్రాణము నిలుచుట కష్టము. సకాలమున చికిత్స జరిగినచో పెక్కండ్రు కోలుకొందురు; అయితే నెలలు పట్టును.

మన పెద్దలకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము తెలియును. కుక్క కరచినవారికి బొడ్డుచుట్టును పదునాలుగు సూదులు పొడుచుచుండిన దినములు వారు మఱచియుండరు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు రూపొందించిన ఆ మందు గొఱ్ఱెమెదడునుండి చేసినది. అందలి మెదడు పదార్థమే కొందఱికి పక్షవాతము తెచ్చెను. మేలైన మందు దొరకిన పిమ్మటను అది చాలకాలము కొనసాగి, 2004 తుదికిగాని మన దేశమున నిలువలేదు. ఈ జాగు క్షమింపరానిదని నా తలంపు. అయినను కుక్కవిషము తలకెక్కినవానికి బ్రతుకు లేదు గనుక, ఆ సూదులు వేయించుకొన్నవారు తెలివైనవారే.

నేటి ఫ్లూ టీకా సంగతి వేఱు. దానివలన అధికముగ కలుగు ముప్పు పదిలక్షలమందిలో ఒకరిద్దరికి మించదని లెక్కలు చెప్పుచున్నవి. కొన్ని యేండ్లలో అదియు కనబడలేదు. ఫ్లూ జ్వరమే ఈ వ్యాధిని తెచ్చుట అంతకంటె నెక్కువ. 2025 జనవరిలో పుణె ప్రాంతమున ఇది గుంపుగ వచ్చినప్పుడు, కలుషితజలముతో వచ్చు కాంపైలోబాక్టర్ అను క్రిమి పలువురు రోగులలో కనబడెను. మఱుసటినెల గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఈ వ్యాధితో నొక స్త్రీ మరణింపగా తెలుగునాట కలవరము పుట్టెను. ఫ్లోరైడు నీటివలన నడుములు వంగినవారిని చూచిన నల్లగొండవారికి నీటికీడును గూర్చి వేఱుగ చెప్పవలెనా? మంచినీటికుండపై మూతపెట్టని యింట టీకాకు మాత్రము జడియుట నాకు వింతగా తోచును.

నా యభ్యంతరమంతయు “ఏమియు కాదు పొమ్ము” అను మాటపైననే. అట్లు పంపివేయబడినవాడు, రేపు పొరుగున నొకరికి కీడు జరిగెనని వినిన, పోలియో చుక్కలనుగూడ నమ్మడు. టీకా వేయువారు చేయినొప్పి, ఒకటిరెండు దినముల జ్వరము సామాన్యమనియు, నరములవ్యాధి మిక్కిలి యరుదనియు ముందే చెప్పవలెను. ఇదివఱకు ఆ వ్యాధి వచ్చినవారు ఆ సంగతి వైద్యునకు తెలుపక సూదికి చేయి చాపరాదు. ఆఱువారములలోపల రెండుపాదములందును తిమ్మిరి పుట్టి పైకెక్కినను, మ్రింగుట కష్టమైనను, తైలమర్దనముతో దినములు గడుపక నల్లగొండకో హైదరాబాదుకో పెద్దయాసుపత్రికి వెంటనే కొనిపోవలెను. టీకా పేరు, తేది ఒక చీటిపై వ్రాయించుకొని దాచినచో అక్కడి వైద్యునకు పని సులభమగును.