పాత పిల్లర్ల మీద కొత్త అంతస్తు

మాదాపూర్‌లో సొంతిల్లున్నవాళ్లకు డాబా మీద ఖాళీ జాగా కనబడితే నిద్రపట్టడం లేదు. పిట్టగోడ మీదే గోడ లేపి, స్లాబ్ వేసి, పెంట్‌హౌస్ అని పేరు పెట్టి, హైటెక్ సిటీలో పనిచేసే పిల్లలకు మంచాల లెక్కన కిరాయికిస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఇంకో గది కావాలనుకునే సంసారులదీ అదే దారి. అవసరం నిజమే, కాదనను. కానీ కింద మోసే పిల్లర్ల సంగతి ఎవరికైనా పట్టిందా?

వంద గజాల మేడ మీద అయిదంగుళాల స్లాబ్ వేస్తే, ఆ ఒక్క స్లాబే సుమారు 26 టన్నులు. బీములు, గోడలు, టైల్స్, బీరువాలు, మనుషులు వేరు. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే మరో టన్ను. ఇదంతా దిగేది ఒకటి రెండు అంతస్తులకు లెక్కగట్టి వేసిన పునాది మీదికి. "ఇంకో రెండు ఫ్లోర్లు ఆగుతుంది సార్" అనే మేస్త్రీ మాటే ఇక్కడ డిజైన్! ఫుటింగ్ ఎంత లోతుందో, లోపల ఎన్ని ఇనుప చువ్వలున్నాయో, అవి తుప్పు పట్టాయో లేదో ఆయన చూడలేదు. చూడగలిగిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు దండగని మనమే పిలవలేదు. గ్రానైట్‌కు లక్షలు పోసే చేతులు అక్కడ ముడుచుకుపోతాయి.

2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీద అంతస్తులు పెంచుతున్న భవనం కుప్పకూలి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకుముందు, 2024 నవంబరులో, మన పక్కనే సిద్దిఖ్‌నగర్‌లో పట్టుమని వంద గజాలైనా లేని స్థలంలో లేచిన నాలుగంతస్తుల ఇల్లు, పక్క ప్లాటులో గుంత తవ్వగానే ఒరిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు కట్టుబట్టలతో పరుగెత్తారు. ఇల్లు నేలమట్టం చేయక తప్పలేదు.

కట్టేవాడి దురాశ ఒక్కటే ఇందుకు కారణం కాదు. అనుమతి లేని అంతస్తుకు ఆస్తి పన్ను మీద నూరు శాతం జరిమానా వేసి డబ్బు పుచ్చుకుంటారు. ఆ రసీదు కట్టడాన్ని సక్రమం చేయదని చట్టంలోనే ఉంది. అయినా జనం దాన్ని పట్టాలా దాచుకుంటారు. 2007లో బీపీఎస్, 2015లో బీఆర్‌ఎస్ పథకాలంటూ క్రమబద్ధీకరణ ఆశ చూపింది ప్రభుత్వాలే. అయ్యప్ప సొసైటీలో హైకోర్టు అక్రమమని తేల్చిన భవనం ఆ తర్వాత కూడా పెరుగుతూనే పోయింది. చివరికి 2025 జనవరిలో హైడ్రా యంత్రాలు వచ్చి కూల్చాయి. మొదటి సెంట్రింగ్ కర్ర నిలబెట్టిన రోజున అధికారి ఎక్కడున్నాడు? ఏ వీధిలో స్లాబ్ పడుతోందో కాంక్రీటు లారీ డ్రైవరుకు తెలుస్తుంది, టౌన్ ప్లానింగ్ వాళ్లకు తెలియదా!

అనుమతి కోసం ఏళ్లు తిరగాలన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే ఏర్పాటు 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలో ఉంది. ఇల్లు పూర్తయిందనే ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూశాకే కరెంటు, నీళ్లు, బ్యాంకు అప్పు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించింది. ఆ ఒక్క ఆదేశం అమలైతే చాలు, దొంగ అంతస్తుకు మీటరు రాదు. మీటరు లేని గదిలో ఎవరూ దిగరు.

ప్రభుత్వం ఇంకో క్రమబద్ధీకరణ పథకం తలపెట్టకూడదు. డబ్బు కడితే పిల్లరుకు బలం రాదు. ఇల్లు పెంచుకోదలచినవాళ్లు మేస్త్రీ కన్నా ముందు ఇంజనీరును పిలవండి, పునాది పక్కన తవ్వించి చూపించండి, వద్దంటే మానుకోండి. కిరాయికి దిగే పిల్లలారా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌లో మీ అంతస్తు ఉందో లేదో చూపించమని అడగండి. చూపించకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.