నల్లమల మీద ఎగిరేవాళ్లకు కావాల్సింది కబురు

2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ తొమ్మిదిన్నర కాకముందే కర్నూలు జిల్లా నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలిపోయింది. శకలాలు కంటపడేసరికి మర్నాడైంది. అంత మబ్బు కమ్ముకుని ఉంటే కిందున్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) వాళ్లు వెనక్కి తిప్పమని ఎందుకు చెప్పలేదని అడిగేవాళ్లు ఉన్నారు. బాధలోంచి పుట్టిన ప్రశ్న కాబట్టి సూటిగా జవాబు చెప్పాలి. కంట్రోలర్‌కు ఆ అధికారం అన్నిచోట్లా ఉండదు. ఉండాలని కోరడం కూడా సరికాదని నా అభిప్రాయం.

పెద్ద విమానాలు తిరిగే దారుల్లో, విమానాశ్రయాల చుట్టూ కంట్రోలర్ మాటే చెల్లుతుంది. వాటికి బయట, నేలకు దగ్గరగా ఉండే గగనతలం చాలావరకు నియంత్రణ లేనిది. అంతర్జాతీయ వర్గీకరణలో దాన్ని 'జి' తరగతి అంటారు. అక్కడ ఏటీసీ తనకు తెలిసిన వాతావరణం, చుట్టుపక్కల ఎగురుతున్న విమానాల వివరాలు చెబుతుంది. ఎటు పోవాలన్నది పైలట్ నిర్ణయం. దీనికి కారణం ఉంది. రాడార్ కిరణం తిన్నగా పోతుంది. కొండ అడ్డొచ్చినా, దూరం పెరిగినా తక్కువ ఎత్తులో ఎగిరేది దానికి చిక్కదు. శంషాబాద్‌లోనో చెన్నైలోనో తెర ముందు కూర్చున్న మనిషి నల్లమల లోయను చూడలేడు. చూడకుండా కుడికి తిరగమని ఆజ్ఞాపిస్తే, ఆ కుడివైపే గుట్ట ఉండొచ్చు.

ఆ ప్రమాదంపై వేసిన త్యాగి కమిటీ విచారణలో తేలిందీ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా కనిపించడంతో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దాని పరిష్కారం కోసం మాన్యువల్‌లో వెతికారు. ఆ తర్వాత హెలికాప్టర్ క్యుములోనింబస్ మేఘంలో చిక్కుకుని అదుపు తప్పింది. తలలు పుస్తకంలో ఉన్న ఆ ఆరు నిమిషాల్లో, మీ దారిలో ఉరుముల మబ్బు లేస్తోందని రేడియోలో ఒక్క గొంతు వినపడి ఉంటే? ఆ మాట చెప్పడానికి అధికారం అక్కర్లేదు, కింద కూర్చున్నవాళ్లకు మబ్బు కనపడితే చాలు.

వెనక సీట్లో ముఖ్యమంత్రి ఉంటే ఏ పైలట్‌కైనా వెనక్కి తిప్పడానికి జంకు ఉంటుంది, అందుకే పైనుంచి ఆజ్ఞ ఉండాలి అంటారు కొందరు. ఈ మాటను కొట్టిపారేయలేం. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగిని 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలోనే పోగొట్టుకున్నాం. కానీ "ఈరోజు వద్దు" అన్న మాట రెక్క తిరగకముందే రావాలి. హెలికాప్టర్ నడిపే సంస్థలో, నాయకుడి కార్యాలయానికి జవాబు చెప్పనవసరం లేని ఒక అధికారి చేతిలో ఆ మాట ఉండాలి. గాల్లోకి లేచాక నిర్ణయం పైలట్, కంట్రోలర్ మధ్య చీలితే, పైలట్ కిటికీలోంచి చూడాల్సిన క్షణంలో రేడియో వైపు చూస్తాడు.

కబురు అవసరం నాయకుల హెలికాప్టర్లకే కాదు. కడపకు 2015లో విమానాలు మొదలయ్యాయి, కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకు 2021 మార్చిలో వచ్చాయి. కడపలో పైలట్ శిక్షణ సంస్థకు 2022లో చోటు కేటాయించారు. కొత్తగా నేర్చుకునే పిల్లలు చిన్న విమానాల్లో ఎగరబోయేది ఈ నల్లమల కొండల పక్కనే. శ్రీశైలం, ఆత్మకూరు, అహోబిలం గుట్టల మీద గాలినీ మబ్బునూ కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు, తక్కువ ఎత్తులో ఎగిరేవాటి ఆచూకీ అందుకునే ఏడీఎస్-బీ రిసీవర్లు, లోయల్లోకీ వినపడే రేడియో కావాలి. వాటి సమాచారం నిమిషాల్లో కడప, ఓర్వకల్లు టవర్లకు, అక్కడి నుంచి పైలట్ చెవికి చేరాలి.