మైక్ అంటే భయమా? తప్పు మీ గొంతుది కాదు, శృతిది

కరోకే మైక్ రివ్యూ రాసే ప్రతిసారీ మేం చూసేవి ఇవే: బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, బేస్ ఎలా ఉంది, ఎకో నాబ్ ఉందా, లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతున్నాయి. నేనూ అలాగే రాశాను. కానీ అసలు చూడాల్సిన ఫీచర్ ని ఇన్నాళ్లూ వదిలేశానని ఈమధ్య మా నాన్నగారి వల్ల అర్థమైంది.

ఆయన రిటైరయ్యాక ఒక బ్లూటూత్ కరోకే మైక్ కొనిచ్చి, ఫోన్ లో ఒక పాటల యాప్ వేసిచ్చాను. రోజూ స్నానం చేస్తూ ఘంటసాల పాటలు పాడుకునే మనిషి కదా, సంబరపడిపోయారు. మొదటి రోజే ఇంట్లో అందరి ముందు 'శివశంకరీ' అందుకున్నారు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ' లోది. ఘంటసాల గారి పాటల్లోనే కొండలాంటి పాట అది. పల్లవి వరకు ఎలాగో లాగారు. తర్వాత గొంతు అందలేదు. పాట ఆగగానే యాప్ స్క్రీన్ నిండా '31' అని చూపించి ఏడుపు బొమ్మ వేసింది. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వేశారు. ఆ రాత్రే మైక్ డబ్బాలోకి వెళ్లిపోయింది. ఆర్నెల్లు బయటికి రాలేదు. అది పెద్ద విషయం కాదు. ఆ తర్వాత ఆయన బాత్రూమ్ లో కూడా పాడటం మానేశారు. అదీ నన్ను కలుక్కుమనిపించింది.

మన ఇళ్లల్లో మగవాళ్లకి పాట విషయంలో ధైర్యం తక్కువే. ఆడపిల్లలు బతుకమ్మ దగ్గరో, మంగళహారతి దగ్గరో నలుగురితో గొంతు కలుపుతూ పెరుగుతారు. మగపిల్లాడికి పద్నాలుగేళ్లకి గొంతు పగులుతుంది, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు 'గాడిద గొంతురా నీది' అంటారు. అంతే, ఆ మాట నలభై ఏళ్లొచ్చినా పోదు. ఆఫీస్ పార్టీలో మైక్ చేతికిస్తే ఫోన్ వచ్చినట్టు నటించి బయటికెళ్లే వాళ్లలో నేనూ ఉన్నాను.

కానీ ఒక్కసారి ఆలోచించండి. భజన జరిగే చోట హార్మోనియం వాయించేవాళ్లు ఏం చేస్తారు? పాడేవాడి గొంతు ఎక్కడ పలుకుతుందో చూసుకుని, దానికి తగ్గ శృతిలో వాయిస్తారు. పెద్దాయన పాడితే తగ్గిస్తారు. ఇందులో ఎవరికీ నామోషీ లేదు. కరోకే ట్రాక్ మాత్రం సినిమాలో గాయకుడు ఏ శృతిలో పాడాడో అక్కడే నిలబడి 'దమ్ముంటే అందుకో' అంటుంది. శిక్షణ లేని గొంతు హాయిగా పలికేది సా నుంచి పై సా దాటి ఇంకో నాలుగు స్వరాల దాకా అనుకోండి. ఆ పరిధి బయట పాట ఎంచుకుంటే గొంతు పగలక ఏం చేస్తుంది?

తమాషా ఏంటంటే కరోకే పుట్టిందే పాటగాడు కాని మనిషి కోసం. జపాన్ లోని కోబె నగరంలో దైసుకె ఇనౌయె అని బార్లలో వాయించే ఆయన ఉండేవాడు. ఆయన రెగ్యులర్ కస్టమర్ ఒక కంపెనీ యజమాని. టూర్ కెళ్తూ 'నువ్వు పక్కన వాయిస్తేనే నేను పాడగలను, నాతో రా' అన్నాడట. రాలేనని చెప్పి, ఆయనకి తగ్గట్టు వాయించి టేపు మీద రికార్డ్ చేసిచ్చాడు ఇనౌయె. ఆ ఆలోచనే 1971లో ఆయన తయారుచేసిన మెషిన్ కి దారితీసింది. పాడేవాడికి తగ్గట్టు సంగీతం ఉండాలన్న ఆ మొదటి ముచ్చటే ఇవాళ చాలా యాప్స్ కి గుర్తులేదు.

కాబట్టి యాప్ కి డబ్బు కట్టేముందు సెట్టింగ్స్ లో కీ లేదా పిచ్ మార్చుకునే బటన్ ఉందా, చూస్కోండి. ఒక్కో మెట్టు చొప్పున పైకీ కిందకీ వెళ్లాలి. రెండు నుంచి నాలుగు మెట్లు తగ్గిస్తే చాలామంది మగవాళ్లకి పాట చేతికొస్తుంది. యూట్యూబ్ లో స్పీడ్ 0.9 పెడితే శృతి తగ్గుతుందనుకోకండి, వేగం మాత్రమే తగ్గుతుంది. మీ దగ్గర ట్రాక్ ఫైల్ ఉంటే కంప్యూటర్ లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లో పిచ్ మార్చుకోవచ్చు. ఇంకో మాట, యాప్ లో రికార్డ్ చేసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దు. సంగీతం మీ చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది, దాన్ని వింటూ మీరు ఇంకా వెనకబడతారు, తాళం రాదని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. వైరున్న పాత ఇయర్‌ఫోన్స్ వెతికి పెట్టుకోండి. స్కోర్ ఆప్షన్ మాత్రం ముందే ఆఫ్ చేసేయండి.

ఇక పాటలు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు సిద్ శ్రీరామ్ పాటలతో మొదలుపెట్టడం. 'సామజవరగమన', 'ఇంకేం ఇంకేం' వినడానికి ఎంత తేలికో పాడటానికి అంత కష్టం, పై స్థాయిలో గమకాలే గమకాలు. 'నాటు నాటు' అయితే రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఇద్దరు పంచుకుని పాడారు. మీరొక్కరే పాడితే ఊపిరి ఎక్కడ తీసుకుంటారు?

నా సలహా, హీరోలు సొంతంగా పాడిన పాటలు వెతకండి. వాళ్లు గాయకులు కారు, సంగీత దర్శకులు వాళ్ల గొంతుకి అందేలానే బాణీ కడతారు. 'మృగరాజు' (2001)లో చిరంజీవి పాడిన చాయ్ పాట, 'అత్తారింటికి దారేది' (2013)లో పవన్ కల్యాణ్ పాడిన 'కాటమరాయుడా', 'పైసా వసూల్' (2017)లో బాలకృష్ణ పాడిన 'మామా ఏక్ పెగ్ లా'. సగం మాట, సగం పాట. నవ్వితే నవ్వుతారు, కానీ మీతో కలిసి నవ్వుతారు. 2011లో ధనుష్ పాడిన 'కొలవరి' కూడా ఇదే కోవ. అందులో గొంతు బాగోకపోవడమే అందం.

మెలోడీ కావాలంటే 'నిన్నే పెళ్లాడతా' (1996)లో రాజేశ్ కృష్ణన్ పాడిన 'ఎటో వెళ్ళిపోయింది మనసు' మంచి మొదటి మెట్టు. అరవక్కర్లేదు, మెల్లగా చెప్పుకున్నట్టు పాడితే చాలు. 'బుట్టబొమ్మ' రెండో నెలకి ఉంచుకోండి. గొంతు మరీ బొంగురుగా ఉన్నవాళ్లకి నా ఓటు పి.బి.శ్రీనివాస్ కే. ఆయనది మెత్తటి మంద్రస్వరం. 'మంచి మనిషి' (1964)లోని 'ఓహో గులాబి బాలా' పాడిచూడండి, పై స్థాయికి పరుగెత్తించే పాట కాదది. ఘంటసాల తప్ప ఇంకెవరూ గుర్తురాని వాళ్లకి ఈయన్ని ఎందుకు చెప్పరో నాకెప్పటికీ అర్థం కాదు.

పోయిన పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్నగారి మైక్ నేనే డబ్బాలోంచి తీశాను. వేరే యాప్ వేసి, స్కోర్ తీసేసి, ఇదే పాట ఒక మెట్టు తగ్గించి పెట్టాను. 'నాకొద్దురా' అన్నారు. నేను మొదలుపెట్టాను, ఘోరంగా. రెండు లైన్లు విని తట్టుకోలేక మైక్ లాక్కున్నారు. చివరిదాకా పాడారు. అమ్మ వంటింట్లో స్టవ్ కట్టేసి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

నిన్న రాత్రి ఫోన్ చేసి, 'ఒరేయ్, శివశంకరీకి ఎన్ని మెట్లు తగ్గించాలి?' అని అడిగారు. ఎన్ని తగ్గించినా కష్టమే నాన్నా అన్నాను. 'సరేలే, అయిదు పెట్టి చూస్తా' అని పెట్టేశారు.