ఖాళీ బండలు

కాలేజీలో బాస్కెట్‌బాల్ పోటీలు పెడితే చూసే దిక్కే లేదని మొన్న మా బేతంచెర్లలో ఓ మాస్టారు వాపోయారు. పాపమంతా టీవీదీ, 2008లో మొదలైన ఐపీఎల్‌దీనట! నేనొప్పుకోను. ఆట చూడ్డానికి ఎందుకెళ్తాం? ఆడేది మన పిల్లో, పక్కింటి పిల్లాడో అయితేనే కదా! ఆ పిల్లల్ని ర్యాంకుల కోసం, ఆటస్థలమే లేని కాలేజీల్లో చేర్చిందెవరు? మనం కాదూ? 1891లో అమెరికాలో పుట్టిన ఈ ఆటను మరుసటేడే అక్కడి ఆడపిల్లలు ఆడేశారు. 'ఎండకు నల్లబడతావే' అంటూ మా అమ్మాయిని ఆట మధ్యలోంచి ఇంటికి లాక్కొచ్చిన ఘనత మాత్రం నాదే! బండలకు పేరుపడ్డ ఊరమ్మా మాది. కూర్చోడానికి బండలకేం కొదవ? కూర్చునేవాళ్ళే కరువు. ముందు పిల్లల్ని ఆడనిద్దాం. చూసేవాళ్ళు వాళ్ళే వస్తారు. మొదట వచ్చేది మనమే!