తక్కువ ధర ఒక్కటే కొలమానం కాదు



కంప్యూటర్ ఆటలను విశాఖలోని ద్వారకానగర్ దుకాణాల్లో డిస్కులుగా కొనడమే చవక అన్న గత సంచిక లేఖలోని వాదన, కొనుగోలు పద్ధతే మారిపోయిన నేటి స్థితిని విస్మరించింది. 2003లో వాల్వ్ సంస్థ ప్రారంభించిన స్టీమ్ అనే ఆన్‌లైన్ విక్రయశాల, 2015 నుంచి భారతీయులకు రూపాయల్లోనే ధరలు చూపుతూ, ఏటా వేసవిలోనూ శీతాకాలంలోనూ భారీ రాయితీలు ఇస్తోంది. కొన్న 14 రోజుల్లోగా, ఆడిన సమయం 2 గంటలు మించకుండా ఉంటే, కోరినవారికి సొమ్ము తిరిగి చెల్లిస్తుంది. ఎపిక్ అనే మరో ఆన్‌లైన్ విక్రయశాల తరచూ కొన్ని ఆటలను ఉచితంగానే అందిస్తోంది. ఊరూపేరూ తెలియని అమ్మకందారుల వద్ద చవకగా దొరికే ‘కీ’, అంటే ఆటను కొనుగోలుదారు ఖాతాలో చేర్చే సంకేతం, తరువాత రద్దయ్యే ప్రమాదం ఉన్నందున, విశాఖ విద్యార్థులు అధీకృత విక్రయశాలల ధరలను పోల్చి చూసుకుని, రాయితీ వచ్చేదాకా ఓపిక పట్టడమే నిజమైన పొదుపు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం